మాటకు తగ్గ సరుకు

(స్వర్ణోత్సవాల రెండో రోజు పూర్వ విద్యార్థుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1991 పదో తరగతి, బి సెక్షన్.

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇరవై ఏళ్లుగా జర్మనీలో ఉంటున్నావు, అక్కడి విశేషాలు ఓ అరగంట చెప్పు" అన్నారు. అక్కడి చలి గురించీ రైళ్ల గురించీ చెప్పొచ్చు. కానీ అవన్నీ మీ పిల్లలు వీడియో కాల్‌లో మీకు ఎప్పుడో చూపించేసి ఉంటారు. అందుకని నా వృత్తిలోంచే ఒక విషయం తీసుకున్నాను. డబ్బిచ్చి కొన్న వస్తువు సరిగ్గా లేకపోతే ఎవరు బాధ్యత పడాలి, యూరప్‌లో చట్టం దీనికి ఏం చెబుతుంది అన్నది. పేరు వింటేనే ఆవలింత వచ్చే విషయం, ఒప్పుకుంటాను. నాకు మాత్రం ఇది జర్మనీలో మొదలవలేదు, మన ఊరి బస్టాండు పక్కన మొదలైంది.

బస్టాండు పక్కన మా నాన్నగారి ఎలక్ట్రికల్ షాపు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బల్బులు, వైర్లు, చోకులు, స్విచ్చులు, ఎండాకాలం వస్తే ఫ్యాన్లు. గల్లాపెట్టె వెనక గోడకి ఒక రేకు బోర్డు ఉండేది. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది వేసవిలో మన లెక్కల మాస్టారు మా దగ్గర ఒక టేబుల్ ఫ్యాను కొన్నారు. నెల తిరక్కుండానే అది అటూ ఇటూ తిరగడం మానేసి ఒకవైపే చూస్తూ నిలబడిపోయింది. మాస్టారు దాన్ని సైకిలు వెనక కట్టుకుని షాపుకి తెచ్చారు. నాన్న బోర్డు వైపు చూపించలేదు కానీ, "కంపెనీ వాళ్ల సర్వీసు సెంటరు విజయవాడలో ఉంది మాస్టారూ, గ్యారంటీ కార్డు పట్టుకుని వెళ్లండి" అన్నారు. అప్పుడు మాస్టారు అడిగారు, "ఏమయ్యా, నేను డబ్బు నీకిచ్చానా, కంపెనీకిచ్చానా?" అని. నాన్న కూడా ఊరుకోలేదు. "ఇచ్చింది నాకే, కాదనను. కానీ దీన్ని నేను తయారు చేశానా మాస్టారూ?" అన్నారు.

నేను స్టూలు మీద కూర్చుని బల్బులు తుడుస్తున్నాను. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే తోచింది. పెద్దయ్యాక లా చదివి, అక్కడ ఇంకా చదివి, ఇప్పుడు ఒక యంత్రాల కంపెనీలో కాంట్రాక్టులు చూసుకుంటున్నాను. ఇన్నేళ్లలో నేను చదివిన అమ్మకాల చట్టమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

ముందు నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. 2003లో హాంబర్గ్‌కి చదువుకోవడానికి వెళ్లిన కొత్తలో ఒక పెద్ద దుకాణంలో ల్యాప్‌టాప్ కొన్నాను. పద్నాలుగో నెలలో తెర నల్లబడింది. పట్టుకెళితే, "తయారీదారు గ్యారంటీ ఏడాదే, అయిపోయింది" అన్నారు. నేను తలూపి, బయట ఇంకోచోట డబ్బిచ్చి బాగు చేయించుకున్నాను. నెలకి లెక్కపెట్టి ఖర్చు పెట్టుకునే రోజులు, ఆ డబ్బు నాకు చాలా పెద్దది. ఆ తర్వాతి సెమిస్టర్‌లో తెలిసింది, నేను చదువుతున్న పుస్తకంలోనే ఉందని. తయారీదారు ఇచ్చే గ్యారంటీ వేరు, అమ్మినవాడి మీద చట్టం పెట్టే బాధ్యత వేరు. మొదటిది వాళ్లు ఇష్టపడి ఇచ్చేది. ఏడాది ఇవ్వొచ్చు, ఆరు నెలలు ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు. రెండోది రెండేళ్లు, ఎవరూ తీసేయలేరు. జర్మన్‌లో ఈ రెండింటికీ రెండు వేర్వేరు మాటలున్నాయి, గరాంటీ, గెవేర్‌లైస్టుంగ్ అని. దుకాణాల్లో వాళ్లకి మొదటి మాట బాగా వస్తుంది, రెండోది తొందరగా గుర్తురాదు. అడిగి ఉంటే కచ్చితంగా గెలిచేవాణ్ణని చెప్పను, ఎందుకో తర్వాత చెబుతాను. కానీ అడగనైనా అడగలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. యూరోపియన్ యూనియన్ 1999లో ఒక డైరెక్టివ్ తెచ్చింది. డైరెక్టివ్ అంటే నేరుగా చట్టం కాదు. ఫలానా ఫలితం వచ్చేలా మీమీ దేశాల్లో చట్టం రాసుకోండి అని సభ్యదేశాలకిచ్చే ఆదేశం. 2002 జనవరి 1 నాటికి అందరూ రాసుకోవాలన్నారు. అంతకుముందు జర్మనీలో ఇలాంటి దావాకి గడువు ఆరు నెలలే ఉండేది. ఆ ఆరు నెలల వెనక చాలా పాత కథ ఉంది. ప్రాచీన రోమ్‌లో సంతల మీద అజమాయిషీ చేసే అధికారులు, బానిసల్నీ పశువుల్నీ అమ్మేవాళ్లు వాటి లోపాలు దాచకూడదని శాసనం చేశారు. దాచితే ఆరు నెలల్లోపు సరుకు తిరిగిచ్చేయొచ్చు, ఏడాదిలోపైతే ధర తగ్గించమనొచ్చు. కుంటి ఎద్దుని అంటగట్టేవాడి కోసం చేసిన నియమాల ఛాయ రెండు వేల ఏళ్ల తర్వాత వాషింగ్ మెషీన్ల దాకా వచ్చిందంటే ఆశ్చర్యమే. 1999 నాటి డైరెక్టివ్ స్థానంలో 2019లో కొత్తది వచ్చింది, 2019/771 దాని నంబరు. 2022 జనవరి 1 నుంచి అమలవుతోంది.

రెండింటికీ మూలమైన మాట ఒకటే, కన్ఫార్మిటీ. తెలుగులో అనుగుణత అనొచ్చు, కానీ ఆ మాటతో మా అమ్మకి ఏమీ అర్థం కాలేదు. "మాటకు తగ్గ సరుకు" అంటే వెంటనే అర్థమైంది, నేనూ అదే వాడుతున్నాను. ఈ ఆలోచన దేశాల మధ్య జరిగే వ్యాపారం కోసం 1980లో వియన్నాలో కుదిరిన ఒప్పందంలోంచి వచ్చింది. నా ఉద్యోగంలో రోజూ పనికొచ్చే కాగితం అది. మన దేశం అందులో చేరలేదు. యూరప్ వాళ్లు దాన్ని మామూలు ఇంటి కొనుగోళ్లలోకి తెచ్చారు.

మాట అంటే ఏ మాట? ఇక్కడే ఈ చట్టం నాకు నచ్చింది. మాట రెండు రకాలు. ఒకటి, అమ్మినవాడూ కొన్నవాడూ అనుకున్నది. ఎరుపు రంగు అంటే ఎరుపు, అయిదు లీటర్లంటే అయిదు లీటర్లు. "ఇది మా ఇన్వర్టర్ మీద నడవాలి" అని కొనేవాడు చెప్పి, అమ్మేవాడు సరేనంటే అది నడవాలి. రెండోది ఎవరూ పైకి అనని మాట. అలాంటి వస్తువు మామూలుగా ఏ పనికి వాడతారో ఆ పనికి పనికిరావాలి. అలాంటి వస్తువు మామూలుగా ఎంతకాలం మన్నుతుందో అంతకాలం మన్నాలి. చూపించిన శాంపిల్‌లా ఉండాలి. దానితో రావలసిన డబ్బా, సామాను, వాడకం పుస్తకం రావాలి. ప్రకటనలో కంపెనీవాడు గొప్పగా చెప్పిన గుణం ఉండాలి. ఆ ప్రకటన దుకాణదారు ఇచ్చింది కాకపోయినా సరే, దాని గురించి తనకి తెలియడానికి ఆస్కారం లేదనో, కొనేవాడి నిర్ణయం మీద అది పనిచేసే అవకాశమే లేదనో చూపిస్తే తప్ప బాధ్యత అతనిదే. "నేను నోటితో చెప్పలేదు కదా" అనే జవాబు ఇక్కడ చెల్లదు. అమ్మకానికి పెట్టడంలోనే కొంత మాట ఇచ్చినట్టు.

విడిభాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకునే బీరువాలు, మంచాలు ఉంటాయి కదా. ఎలా బిగించాలో చెప్పే కాగితం తప్పుగా ఉండి, దాని ప్రకారం కొన్నవాడు తప్పుగా బిగిస్తే, అదీ సరుకులో లోపం కిందే లెక్క. జర్మన్ లాయర్లు దీన్ని సరదాగా ఐకియా క్లాజు అంటారు. కొనేవాడు తెలివితక్కువగా బిగించాడని నవ్వడం సులువే. కాగితం రాసినవాణ్ణి నిలదీయాలని చట్టానికి తట్టడం నాకు బాగుంది.

ఇక అసలు కీలకం. వస్తువు నాలుగో నెలలో చెడిందనుకోండి. అమ్మినవాడి బాధ్యత అప్పగించిన రోజుకి వస్తువులో ఉన్న లోపానికే. అరుగుదలకి కాదు, మనం కింద పడేసినదానికి కాదు. మరి ఆ రోజే లోపం ఉందని ఎవరు రుజువు చేయాలి? రుజువు చేయాల్సింది కొన్నవాడే అంటే మిగతా హక్కులన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. ఫ్యాను మోటారు లోపల ఏముందో లెక్కల మాస్టారికి ఎలా తెలుస్తుంది?

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక కేసు చెబుతాను. 2008 మే నెలలో ఒకావిడ గ్యారేజీలో సెకండ్ హ్యాండ్ కారు కొన్నది. సెప్టెంబరు చివర్లో దారిలో ఉండగానే అది అంటుకుని పూర్తిగా కాలిపోయింది. తర్వాత కారుని తుక్కు చేసేశారు. అంటే మంట ఎందుకు వచ్చిందో నిపుణులు పరీక్షించడానికి బండే మిగల్లేదు. కారణం రుజువు కాలేదు కాబట్టి ఆవిడకి ఏమీ రాదనేది ఒక వాదన. కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జూన్‌లో తీర్పు వచ్చింది. వస్తువు ఉండవలసినట్టు లేదనీ, అది అప్పగించిన ఆరు నెలల్లోపే బయటపడిందనీ చూపిస్తే చాలు. అలా ఎందుకైంది, తప్పు ఎవరిది అన్నది కొన్నవాళ్లు చెప్పక్కర్లేదు. లోపం తర్వాత వచ్చిందని, అంటే వాడకం వల్లో ఇంకో కారణం వల్లో వచ్చిందని అమ్మినవాడే చూపించాలి. కారు నాలుగు నెలల్లో తగలబడిపోవడమే లోపం. అంతకంటే వివరం ఆవిణ్ణి అడగకూడదు.

ఈ ఆరు నెలల్ని 2019 డైరెక్టివ్ ఏడాది చేసింది. దేశాలు కావాలంటే రెండేళ్లు పెట్టుకోవచ్చు; ఫ్రాన్స్ రెండేళ్లే పెట్టుకుంది. నా ల్యాప్‌టాప్ విషయంలో కచ్చితంగా గెలిచేవాణ్ణని చెప్పనన్నాను కదా, కారణం ఇదే. పద్నాలుగో నెల కాబట్టి రుజువు భారం నా మీదే పడేది. హక్కు రెండేళ్లు ఉంది, కానీ ఆరో నెల దాటాక దాని బలం సగం అయ్యేది. ఇప్పుడైతే పన్నెండో నెల దాటాక. మీ పిల్లలు అక్కడ ఏదైనా కొంటే పన్నెండో నెలలోపు బాగా పరీక్షించి చూసుకోమని చెప్పండి.

లోపం ఉందని తేలాక ఏం జరగాలి? మనవాళ్లు వెంటనే డబ్బు వాపసు అనుకుంటారు. అక్కడ క్రమం వేరు. ముందు బాగు చేయడమో, కొత్తది ఇవ్వడమో. రెండిట్లో ఏది కావాలో కొన్నవాడు ఎంచుకోవచ్చు. అయితే అది అసాధ్యమైనా, రెండోదానితో పోలిస్తే అమ్మేవాడికి మరీ పెనుభారమైనా ఒప్పుకోనక్కర్లేదు. అది కుదరకపోతే, చేసినా మళ్లీ చెడితే, లేదా లోపం మరీ తీవ్రమైనదైతే ధర తగ్గించమనొచ్చు, ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు వెనక్కి అడగొచ్చు. చిన్నపాటి లోపానికి రద్దు లేదు. స్పెయిన్‌లో ఒకావిడ కారు పైకప్పు వాన పడితే కారింది. రద్దు చేయమని కోర్టుకెళితే, అంత లోపం కాదన్నారు. ధర తగ్గించమని ఆవిడ విడిగా అడగలేదు, అక్కడి పద్ధతి ప్రకారం మళ్లీ దావా వేసే వీలూ లేదు. 2013లో లక్సెంబర్గ్ న్యాయస్థానం, అడగకపోయినా ఆ ఉపశమనం కోర్టే ఇవ్వగలగాలి అంది. దావా కాగితం రాయడంలో జరిగిన పొరపాటుకి వాన కారే కారుతో మిగిలిపోకూడదు కదా.

బాగు చేయడం, మార్చడం ఉచితంగా జరగాలి. ఈ "ఉచితంగా" అన్న ఒక్క మాట మీద జరిగినన్ని తగాదాలు మిగతా చట్టం మొత్తం మీద జరిగాయో లేదో. క్వెల్లే అని జర్మనీలో ఒకప్పుడు చాలా పెద్ద పోస్టల్ ఆర్డర్ వ్యాపారం ఉండేది. 2002లో ఒకావిడ వాళ్ల దగ్గర ఓవెన్ ఉన్న స్టవ్ తెప్పించుకుంది. 2004 మొదట్లో ఓవెన్ లోపలి ఎనామిల్ పూత ఊడిపోయింది. బాగు చేయడం కుదరదు కాబట్టి కొత్తది ఇచ్చారు. ఇచ్చి, ఏడాదిన్నర పాతది వాడుకున్నారు కదా, ఆ వాడకానికి డెబ్భై యూరోల దాకా కట్టండి అన్నారు. పైకి చూస్తే న్యాయంగానే అనిపిస్తుంది. పాతది వాడుకుంది, ఇప్పుడు కొత్తది వచ్చింది, లాభపడింది కదా అని. జర్మన్ చట్టం కూడా అప్పుడు అలాగే ఉంది. 2008 ఏప్రిల్‌లో లక్సెంబర్గ్ నుంచి వచ్చిన తీర్పు మాత్రం, ఉచితం అంటే ఉచితమే అంది. ఆవిడ మొదటే పూర్తి ధర కట్టింది. దానికి బదులుగా సరైన స్టవ్ రావాలి, ఇప్పుడు వచ్చింది. ఆలస్యంగా రావడం ఆవిడకి లాభం ఎలా అవుతుంది? అదీకాక, కొత్తదానికి డబ్బు కట్టాలంటే జనం హక్కు అడగడానికే జంకుతారు అని కూడా చెప్పారు. జర్మనీ ఆ ఏడాదే చట్టం మార్చుకోవాల్సి వచ్చింది.

2011 జూన్ తీర్పు ఇంకా దూరం వెళ్లింది. ఒకాయన దాదాపు 1,400 యూరోలు పెట్టి గచ్చుకి మెరుగు టైల్స్ కొన్నాడు. మూడింట రెండు వంతులు పరిచాక చూస్తే వాటి మీద నీడల్లాంటి మచ్చలు. పోవు. అన్నీ తీసి కొత్తవి వేయడానికి అయ్యే ఖర్చు 5,800 యూరోల పైమాట. ఇంకొకావిడ ఇంటర్నెట్లో 367 యూరోలకి గిన్నెలు తోమే మిషను కొన్నది. ఇంట్లో బిగించాక పనికిరాదని తేలింది. కొత్త మిషను గుమ్మం దాకా తెచ్చిస్తాం, పాతది ఊడదీసి కొత్తది బిగించడం మా పని కాదు అన్నారు అమ్మినవాళ్లు. రెండు కేసులూ కలిపి విన్న న్యాయస్థానం, ఊడదీసి బిగించడమైనా చేయాలి, ఆ ఖర్చయినా పెట్టుకోవాలి అంది. ఖర్చు వస్తువు విలువతోనూ లోపం తీవ్రతతోనూ పొంతన లేనంత పెద్దదైతే, భరించాల్సింది తగినంతకే పరిమితం చేయొచ్చని ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. ఊడదీసి బిగించే ఈ బాధ్యతని 2019 డైరెక్టివ్‌లో రాసేశారు.

ఈ తీర్పు గురించి నాన్నకి ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పద్నాలుగు వందల టైల్సులో నాకు మిగిలేది నూట యాభై. దానికి నేను అయిదు వేలు పెట్టాలా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు డైరెక్టివ్‌లో ఉంది. అమ్మినవాడు తన పైవాళ్ల మీద, అంటే హోల్‌సేలర్ మీద, తయారీదారు మీద తిరిగి రాబట్టుకోవచ్చు. కానీ ఎలా, ఎంత, ఎన్నాళ్లలోపు అన్నది ఆ దేశాల చట్టాలకే వదిలేశారు. జర్మనీ కొంత గట్టిగానే రాసుకుంది. అయినా వీధి చివర దుకాణం పెట్టుకున్నవాడు ఒక పెద్ద కంపెనీతో తగువు పెట్టుకుంటే, గెలిచినా వచ్చే నెల వాళ్లు సరుకు పంపుతారా? న్యాయశాస్త్రం చదివినవాడిగా నాకు ఈ చట్టం చాలా ఇష్టం. దుకాణదారు కొడుకుగా మాత్రం ఈ ఒక్కచోట వాళ్లు కొనేవాడి గురించి ఆలోచించినంత శ్రద్ధగా చిన్న దుకాణదారు గురించి ఆలోచించలేదని అంటాను. కొనేవాడికి దొరికే మనిషి ఎదురుగా ఉన్నవాడే, కాబట్టి మొదట అతణ్ణే అడగాలి అన్నంతవరకు సబబే. అక్కడితో ఆగిపోయారు.

నాన్న బోర్డు సంగతి కూడా చెప్పాలి. అలాంటి బోర్డుకి అక్కడ విలువ లేదు. "ఉన్నది ఉన్నట్టు అమ్మాం" అని బిల్లు కింద చిన్న అక్షరాల్లో వేసినా పనిచేయదు. వస్తువులో ఫలానా గుణం మామూలుగా ఉండాల్సినట్టు లేదని కొనేవాడికి ప్రత్యేకంగా చెప్పాలి, అతను దానికి విడిగా, స్పష్టంగా ఒప్పుకోవాలి. గీత పడిన ఫ్రిజ్‌ని గీత చూపించి తక్కువకి అమ్మొచ్చు. అప్పుడు ఆ గీత గురించి అతను అడగలేడు, మోటారు చెడితే అడగగలడు. మన దేశంలోనూ ఆ బోర్డులకి కాలం చెల్లిందని చాలామందికి తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లోపు వాపసు తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. 2020 జూలై నుంచి అమల్లో ఉంది. నిన్న సాయంత్రం బజారులో నడుస్తుంటే నాలుగు బోర్డులు కనిపించాయి. అందులో రెండు మన పూర్వ విద్యార్థులవే, పేర్లు చెప్పను.

పిల్లలు అక్కడ చదువుతున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి ఒక సంగతి. 2023లో గుంటూరు వైపు అమ్మాయి ఒకతె నాకు ఫోన్ చేసింది. దుకాణంలో 400 యూరోలకి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నది. ఏడో నెలలో చార్జింగ్ ఎక్కడం మానేసింది. మూడు వారాల్లో థీసిస్ ఇవ్వాలి. దుకాణంవాడు, మూడు నెలల గ్యారంటీ అయిపోయింది పొమ్మన్నాడు. "అంకుల్, సెకండ్ హ్యాండ్ కదా, మనకేం హక్కుంటుంది?" అంది. పాత సరుకుకి రెండేళ్ల బాధ్యతని తగ్గించుకోవచ్చు, జర్మనీలోనూ ఆ వీలుంది. కానీ ఏడాది కంటే తక్కువ చేయడానికి లేదు, అదీ కొనేముందు విడిగా చెప్పి ఒప్పించుకుంటేనే. ఏడాదిలోపు బయటపడింది కాబట్టి లోపం ముందునుంచీ లేదని అతనే చూపించాలి. ఇదంతా మర్యాదగా అర పేజీ ఉత్తరం రాయించాను. ఎన్నాళ్లలో బాగు చేయాలో తేదీ పెట్టించాను. మొదటి ఉత్తరానికి జవాబు లేదు, రెండోదానికి బాగు చేసిచ్చాడు. ఆ లోపు థీసిస్ లైబ్రరీ కంప్యూటర్ మీద రాసుకుంది పాపం. కోర్టు కాదు, లాయర్ ఫీజు కాదు. పోస్టు ఖర్చు అంతే. నేను 2005లో రాయని ఉత్తరం అది.

అయితే అదే అమ్మాయి అంతకుముందు వాట్సాప్ గ్రూపులో, ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక సీనియర్ దగ్గర సైకిలు కొన్నది. దాని గేర్లు వారంలో పోయాయి. దానికి ఈ చట్టం వర్తించదు. అమ్మినవాడు వ్యాపారి అయితేనే ఇదంతా. విద్యార్థి విద్యార్థికి అమ్మితే వాళ్లు ఎలా అనుకుంటే అలా. ఇంకొక గందరగోళం కూడా ఉంది. ఆన్‌లైన్లో కొన్నది పద్నాలుగు రోజుల్లో వెనక్కి పంపడం వేరే చట్టం. దానికి లోపం ఉండక్కర్లేదు, నచ్చకపోతే చాలు. షాపులోకి నడిచి వెళ్లి కొన్నదానికి ఆ హక్కు లేదు. మనవాళ్లు ఈ రెండూ కలిపేసుకుని, పద్నాలుగు రోజులు దాటాక ఇక ఏమీ లేదనుకుని ఊరుకుంటారు. బిల్లు మాత్రం దాచుకోమనండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నా చాలు.

ఫోన్లు, టీవీలు, గడియారాలు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ లేకపోతే ఇటుకలతో సమానం. అందుకని కొనేవాడు సహజంగా ఆశించగలిగినంత కాలం అప్‌డేట్లు అందడం కూడా సరుకు మాటకు తగ్గట్టు ఉండటంలో భాగమే అని 2019 డైరెక్టివ్ అంది. అమ్మిన దుకాణదారు అప్‌డేట్ ఎక్కడ నుంచి తెస్తాడు అని మళ్లీ నాన్న ప్రశ్నే వస్తుంది. 2024లో ఇంకో డైరెక్టివ్ వచ్చింది, బాగు చేయించుకోవడాన్ని ప్రోత్సహించడానికి. కొత్తది అడగకుండా బాగు చేయించుకుంటే అమ్మినవాడి బాధ్యత గడువు ఒకసారి పన్నెండు నెలలు పెరుగుతుంది. దేశాలు 2026 జూలై 31 నుంచి దీన్ని అమలు చేయాలి. చెడిన వస్తువు పారేయడం మనకి మొదట్నుంచీ తెలియదు కాబట్టి, ఈ చట్టం మన ఇళ్లల్లో అమ్మమ్మలు రాసినట్టే ఉంటుంది.

చివరికి మాస్టారి ఫ్యాను. అదే కేసు ఇవాళ యూరప్‌లో జరిగిందనుకోండి. నెలలోపు చెడింది, కాబట్టి లోపం మొదట్నుంచీ ఉన్నట్టే. విజయవాడ వెళ్లమనడానికి లేదు, అమ్మినవాడే చూసుకోవాలి. తగినంత సమయంలో, మాస్టారికి పెద్ద ఇబ్బంది లేకుండా. సైకిలు మీద కాకుండా రిక్షాలో తెచ్చి ఉంటే ఆ రిక్షా డబ్బులు కూడా నాన్నవే. నిజంగా జరిగింది మీకు చెప్పాలి. నాన్న ఆ రాత్రి షాపు మూసేశాక ఫ్యాను విప్పారు. నేను టార్చి పట్టుకున్నాను. లోపల ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోయాయి. మర్నాడు కొత్తది తెప్పించి వేసి, మాస్టారింటికి నా చేతే పంపించారు. పనికి ఏమీ తీసుకోలేదు. గేరు ఖరీదు 11 రూపాయలు మాత్రం తీసుకురమ్మన్నారు. మాస్టారు ఇచ్చారు, ఏమీ అనలేదు.

"ఉచితంగా" అన్న మాట ప్రకారం ఆ 11 రూపాయలు తీసుకోకూడదు. మాస్టారు ఇవాళ మొదటి వరుసలోనే కూర్చున్నారు. వచ్చేముందు నాన్నకి చెప్పాను, ఆ డబ్బు మాస్టారికి తిరిగి ఇచ్చేస్తానని. నాన్నకి ఎనభై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పితో సభకి రాలేకపోయారు. "ఇయ్యి, తప్పు లేదు" అన్నారు. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచి, "మరి కంపెనీవాడు నాకివ్వాల్సిన 11 రూపాయలు ఎవరిస్తార్రా?" అన్నారు.

మాస్టారూ, ఇవిగోండి.